ఒకే పేరు కింద రెండు ఉద్యోగాలు

గౌరవనీయులైన సంపాదకులకు,

మీ పత్రిక ఉద్యోగావకాశాల పేజీలో ఇటీవల సాఫ్ట్‌వేర్ డిజైన్ రంగం గురించి వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. కోడ్ రాయడం రానివారికి కూడా ఈ రంగంలో చోటుందని చెప్పడం వరకు బాగానే ఉంది. అయితే ‘యూఐ, యూఎక్స్ డిజైనర్’ (స్క్రీన్ రూపాన్ని, వాడేవారి అనుభవాన్ని తీర్చిదిద్దేవారు) అన్న ఒకే శీర్షిక కింద ఆ వ్యాసం వాడుక సౌలభ్యాన్ని పరీక్షించడం, స్క్రీన్ రూపాన్ని దిద్దే విజువల్ డిజైన్ అనే రెండు వేరువేరు పనులను కలిపేసి, రంగుల మీద అభిరుచి, బొమ్మలు గీసే అలవాటు ఉంటే చాలునన్నట్టు చెప్పుకొచ్చింది. తప్పు వ్యాసకర్తది మాత్రమే అనను. ఏళ్ల తరబడి ప్రాజెక్టులు నడిపినవారు కూడా ఇదే పొరపాటు చేస్తున్నారు, ఉద్యోగ ప్రకటనలు సైతం అలాగే వెలువడుతున్నాయి. సాఫ్ట్‌వేర్‌ను జనం ఎలా వాడుతున్నారో పక్కన కూర్చుని గమనించి, ఎక్కడ తడబడుతున్నారో రాసుకుని, ఆ వివరాలను ప్రాజెక్టు బృందం ముందు పెట్టడం నా వృత్తి. ఆ అనుభవంతోనే ఈ లేఖ రాస్తున్నాను.

మా రంగంలో యూజబిలిటీ అని పిలిచే వాడుక సౌలభ్యానికి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ వెలువరించిన 9241 ప్రమాణం పదకొండో భాగంలో స్పష్టమైన నిర్వచనం ఉంది. 1998లో వెలువడిన ఆ భాగాన్ని 2018లో సవరించారు. ఫలానా వినియోగదారులు, ఫలానా లక్ష్యంతో, ఫలానా పరిస్థితుల్లో ఒక వస్తువును వాడినప్పుడు పని ఎంతవరకు నెరవేరింది, అందుకు ఎంత శ్రమ, ఎంత సమయం పట్టింది, వారికి ఎంత తృప్తి కలిగింది అన్నవి అందులోని మూడు కొలమానాలు. ఈ నిర్వచనంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ‘ఫలానా’ అన్న మాటే. ఎవరు, ఏ పనికి, ఏ పరిస్థితిలో అన్నది చెప్పకుండా ‘ఈ యాప్ వాడటం చాలా సులువు’ అనడానికి అర్థం లేదు. రోజంతా అదే స్క్రీన్ ముందు కూర్చునే గుమస్తాకు సులువైనది, ఏడాదికి ఒకసారి దాన్ని తెరిచే మనిషికి చుక్కలు చూపించవచ్చు. కనుక ఈ పని చేసేవారికి అభిరుచి కన్నా ముందు ఓపిక కావాలి. ఎదుటివారు తప్పు బటన్ వైపు వేలు చాపుతున్నప్పుడు నోరు మూసుకుని చూడగలిగే నిగ్రహం కావాలి. చెప్పడం తేలికే గానీ, నాకు అలవాటు కావడానికి రెండేళ్లు పట్టింది.

విజువల్ డిజైన్ సంగతి వేరు. స్క్రీన్ తెరవగానే కన్ను మొదట దేని మీద వాలాలి, తరవాత ఎటు సాగాలి, ఏది దేనికి చెందినది, ఏది నొక్కదగినది, ఏది చదివి వదిలేయవలసినది అన్న విషయాలను అక్షరాల పరిమాణంతో, ఖాళీ జాగాతో, రంగుతో, అమరికతో తెలియజేయడం ఆ పని. రంగులద్దడం అందులో చిన్న భాగం. అందులో ఆరితేరినవారు గీసిన స్క్రీన్‌ను కాస్త దూరం నుంచి, అక్షరాలు కూడా కనిపించనంత మసకగా చూసినా, ముఖ్యమైనదేదో తెలిసిపోతుంది.

ఈ రెండు పనులు ఎక్కడ ఢీకొంటాయో ఒక ఉదాహరణతో చెబుతాను. సంస్థ పేరు, ప్రాజెక్టు పేరు ఇక్కడ అప్రస్తుతం. దరఖాస్తు నింపే ఒక ఫారంలో పుట్టిన తేదీ ఇవ్వాలి. ఆ గడిని తాకగానే చిన్న క్యాలెండర్ తెరుచుకుంటుంది. పైన ఆ నెల పేరు, సంవత్సరం, వాటికి అటూ ఇటూ రెండు బాణాలు. పరీక్షకు వచ్చిన పెద్దాయన 1958లో పుట్టారు. ఎడమ బాణం నొక్కారు, ఒక నెల వెనక్కి వెళ్లింది. మళ్లీ నొక్కారు. పది, ఇరవై, ముప్పై. ఆ లెక్కన ఆయన పుట్టిన నెలకు చేరాలంటే దాదాపు 800 సార్లు నొక్కాలి. నలభయ్యోసారి దగ్గర ఆగి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ‘ఇది ఈమధ్య పుట్టినవాళ్ల కోసం పెట్టినట్టుందమ్మా’ అన్నారు. నిజానికి పైనున్న సంవత్సరం అంకె మీద నొక్కితే సంవత్సరాల జాబితా వస్తుంది. అక్కడ నొక్కవచ్చునని తెలిపే చిన్న త్రికోణం తొలి నమూనాలో ఉండేది. శీర్షిక శుభ్రంగా కనబడాలని విజువల్ డిజైనర్ దాన్ని తీసేశారు. ఆ రోజు వచ్చినవారిలో ఒక్కరు తప్ప మిగిలినవారెవరికీ ఆ జాబితా ఉన్నట్టే తెలియలేదు.

డెవలపర్ తన పని సరిగ్గానే చేశారు. టెస్టింగ్ బృందం కూడా ‘పాస్’ అనే రాసింది, ఎందుకంటే సంవత్సరం మీద నొక్కితే జాబితా తెరుచుకుంటోంది. శీర్షిక నిజంగానే అందంగా ఉంది. విడివిడిగా చూస్తే ఎవరినీ తప్పుపట్టలేం, పెద్దాయన ఫారం మాత్రం పూర్తి కాలేదు. నేను నివేదిక ఇచ్చేసరికి రిలీజ్‌కు పది రోజులే మిగిలాయి. సమావేశంలో త్రికోణం గురించి చర్చ జరగనే లేదు. ‘డిజైన్ ఓకే అయ్యాక మళ్లీ మార్పులేమిటి’ అన్న ప్రశ్న దగ్గరే గంట గడిచింది. డిజైన్ అన్న ఒక్క మాట ఇద్దరి పనినీ మింగేసినప్పుడు జరిగేది ఇదే. క్లయింట్ ఓకే చేసినవి స్క్రీన్ల బొమ్మలు. బొమ్మలో 1958 దాకా వెనక్కి వెళ్లి చూసేవారెవరు?

బొమ్మ చూసి వాడుకను అంచనా వేయడం ఎంత ప్రమాదమో చెప్పే పరిశోధన ఒకటి ఉంది. 1995లో జపాన్‌కు చెందిన మసాకి కురోసు, కవోరి కషిమురా అనే ఇద్దరు పరిశోధకులు ఏటీఎం నగదు యంత్రం స్క్రీన్‌ను 26 రకాల అమరికల్లో తయారు చేసి, ఏది అందంగా ఉంది, ఏది వాడటానికి సులువుగా కనిపిస్తోంది అని జనాన్ని అడిగారు. వాడకం సులువని జనం అనుకున్నవి, నిజంగా సులువు చేసే లక్షణాలున్న అమరికల కన్నా అందంగా తోచిన అమరికలతోనే ఎక్కువగా సరిపోలాయి. సంస్కృతి మారితే ఈ ఫలితం నిలబడదేమోనన్న అనుమానంతో నోవమ్ ట్రాక్టిన్‌స్కీ అనే పరిశోధకుడు ఇజ్రాయెల్‌లో అదే పరీక్ష మళ్లీ చేసి, ఫలితాలను 1997లో ప్రచురించారు. అక్కడ ఆ సంబంధం మరింత బలంగా బయటపడింది. డెమో గదిలో కూర్చుని ‘చాలా ఈజీగా ఉంది’ అని తలూపే మేనేజర్ అబద్ధం చెప్పడం లేదు. ఆయన కంటికి నిజంగానే అలా కనిపిస్తుంది. అందుకే డెమోలో వచ్చిన మెచ్చుకోలును వాడుక సౌలభ్యానికి సాక్ష్యంగా లెక్కగట్టకూడదంటాను. ఇదే పరిశోధన విజువల్ డిజైనర్ల తరఫున కూడా మాట్లాడుతుందని మా యూజబిలిటీవాళ్లు మరిచిపోతుంటారు. అందంగా ఉన్నదాన్ని మనిషి నమ్మి దగ్గరికి వస్తాడు, చిన్న ఇబ్బంది ఎదురైనా సర్దుకుంటాడు. చూడగానే చిరాకు పుట్టించే స్క్రీన్‌కు ఆ అవకాశమే దొరకదు.

రూపాన్ని అలంకారంగా భావించేవారికి ఇంకాస్త పాత కథ చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బీ-17 బాంబర్ విమానాలను క్షేమంగా నేలకు దించిన పైలట్లు, ఆ తరవాత రెక్కల ఫ్లాపులు (రెక్క వెనుక అంచున కదిలే పలకలు) మడవబోయి పొరపాటున చక్రాలను లోపలికి ముడిచేస్తుండేవారు. విమానం పొట్ట నేలకు ఆనేది. పైలట్ల తప్పిదమని రాసుకుంటూ పోతున్న సమయంలో ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్ వైపు చూశారు. ఆ రెండు పనుల స్విచ్‌లు పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయి. చక్రాల స్విచ్‌కు చిన్న రబ్బరు చక్రాన్ని, ఫ్లాపుల స్విచ్‌కు రెక్క అంచును పోలిన ముక్కను తగిలించడం ఆయన సూచించిన పరిష్కారం. చీకట్లో తడిమినా తేడా తెలుస్తుంది. ఇందులో ఎక్కడ తప్పు జరుగుతోందో కనిపెట్టింది యూజబిలిటీ అయితే, దాన్ని సరిదిద్దింది రూపం. ఈ రంగం పుట్టుకలోనే రెండూ కలిసి ఉన్నాయి, కలిసి ఉంటూనే రెండు మెట్లుగా ఉన్నాయి.

ఆ రెండు మెట్లూ ఎక్కని స్క్రీన్ ఏం చేస్తుందో 2020 ఆగస్టులో సిటీబ్యాంక్ చూసింది. సౌందర్య సాధనాల సంస్థ రెవ్లాన్ తీసుకున్న అప్పుకు సంబంధించి సుమారు 78 లక్షల డాలర్ల వడ్డీ పంపబోయి, అసలుతో కలిపి దాదాపు 90 కోట్ల డాలర్లు రుణదాతలకు పంపేసింది. అసలు సొమ్ము బయటికి పోకుండా బ్యాంకు అంతర్గత ఖాతాకు మళ్లాలంటే స్క్రీన్ మీద మూడు గడులు నింపాలి. ‘ప్రిన్సిపల్’ అన్న ఒక్క గడి నింపితే సరిపోతుందని, నింపినవారితో పాటు తనిఖీ చేసిన మరో ఇద్దరూ అనుకున్నారు. ముగ్గురు మనుషులు వరుసగా ఒకే తప్పు చేశారంటే, నేను మనుషుల వైపు చూడను. మిగిలిన రెండు గడుల పేర్లు ‘ఫ్రంట్’, ‘ఫండ్’. వాటికీ అసలు సొమ్ముకూ సంబంధం ఉందని స్క్రీన్ ఏ విధంగానూ తెలియజెప్పలేదు. ఒక్క గీత గీసి మూడింటినీ ఒక చట్రంలో పెట్టి, బయటికి వెళ్లబోయే మొత్తాన్ని పెద్ద అంకెల్లో చూపించి ఉంటే ఎవరో ఒకరు ఆగేవారని నా నమ్మకం. తిరిగి రాని సుమారు 50 కోట్ల డాలర్ల కోసం కోర్టుకెక్కితే 2021లో తీర్పు బ్యాంకుకు వ్యతిరేకంగా వచ్చింది, 2022లో పై కోర్టు దాన్ని కొట్టేసింది.

ఇక విజువల్ డిజైనర్లకు జరుగుతున్న అన్యాయం గురించి. నేను చూసిన ప్రాజెక్టుల్లో సగానికి పైగా వారిని చివరి నెలలో పిలిచి, ‘కాస్త లుక్ బాగుచేసి ఇవ్వండి’ అంటారు. అప్పటికి ఏ స్క్రీన్ తరవాత ఏది రావాలో డెవలపర్లు నిర్ణయించేసి ఉంటారు. ముఖ్యమైనది పైకి, అప్రధానమైనది కిందికి జరిపే స్వేచ్ఛ లేనప్పుడు వారి చేతిలో మిగిలేవి రంగు, నీడ, మూలల గుండ్రదనం. అవే చేస్తారు, తరవాత ‘వీళ్లకు రంగులు తప్ప ఏమీ తెలియవు’ అన్న మాట పడతారు. ఆలస్యంగా వచ్చినందువల్ల కొలతల విషయంలోనూ పట్టు దొరకదు. మామూలు పరిమాణంలోని అక్షరాలకూ వాటి వెనుక రంగుకూ మధ్య కనీసం 4.5కు 1 నిష్పత్తిలో వెలుగు తేడా (కాంట్రాస్ట్) ఉండాలని, వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండేందుకు రూపొందించిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం చెబుతుంది. లేత బూడిద రంగు అక్షరాలు తెల్లటి నేపథ్యం మీద డిజైనర్ గదిలోని మంచి మానిటర్‌లో ముచ్చటగా ఉంటాయి. ఎండలో నిలబడి ఫోన్ చూసేవారికి కనిపించవు. ఎరుపు, ఆకుపచ్చల తేడాతోనే తప్పొప్పులు చెప్పే స్క్రీన్లు, ఆ రెండు రంగులనూ వేరు చేసి చూడలేని వర్ణాంధత ఉన్నవారికి ఏమీ చెప్పవు. ఇవి అభిరుచికి సంబంధించిన విషయాలు కావు, కొలిచి తేల్చదగినవి. మంచి విజువల్ డిజైనర్లు నాకన్నా ముందే కొలుస్తారు.

పెద్ద సంస్థలు కూడా ఇక్కడ కాలు జారినవే. 2013లో ఐఫోన్లను నడిపే ఐఓఎస్ 7తో ఆపిల్ బటన్ల చుట్టూ ఉండే హద్దులు తీసేసి, చాలాచోట్ల రంగు అక్షరాలు మాత్రమే ఉంచింది. ఏది బటనో, ఏది మామూలు మాటో పోల్చుకోవడం కష్టమవుతోందన్న విమర్శలు వచ్చాయి. 2014లో వచ్చిన 7.1లో, కావాలనుకున్నవారు బటన్ల ఆకారం మళ్లీ చూసుకునేలా సెట్టింగ్స్‌లో ఒక మీట చేర్చారు. 2012లో మైక్రోసాఫ్ట్ విండోస్ 8లో స్టార్ట్ బటన్‌ను తీసేసి, 2013 అక్టోబరులో 8.1తో దాన్ని వెనక్కి తెచ్చింది.

మన లిపి విషయం కూడా ఈ సందర్భంలోనే ప్రస్తావించాలి. స్క్రీన్ల నమూనాలన్నీ ఇంగ్లీషు మాటలతో గీసి, చివర్లో అనువాదం అతికించడం మామూలైపోయింది. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు కొలిచి గీసిన బటన్‌లో తెలుగు మాట పెట్టినప్పుడు కింద వత్తులు తెగిపోతాయి, పైన గుడి సగమే కనిపిస్తుంది, పొడవైన మాట మధ్యలో విరిగి చుక్కలుగా మారుతుంది. ఇది విజువల్ డిజైనర్ మొదటి రోజున చూడవలసిన పని. మాటల ఎంపిక మాత్రం యూజబిలిటీ వైపుకు వస్తుంది. ‘మీ దరఖాస్తును రద్దు చేయాలా?’ అని అడిగి, కింద ‘సరే’, ‘రద్దు’ అని రెండు బటన్లు ఇచ్చిన స్క్రీన్ ముందు ఒకావిడ పూర్తి నిమిషం పాటు చెయ్యి కదపకుండా కూర్చోవడం నేను చూశాను. రద్దు నొక్కితే దరఖాస్తు రద్దవుతుందా, రద్దు చేయడమే రద్దవుతుందా? ఆవిడ చివరికి ఫోన్ ఆఫ్ చేసేశారు. ఆ రెండు బటన్లూ ఒకే పరిమాణంలో, ఒకే రంగులో, చక్కటి అంచులతో ఉన్నాయి. ‘దరఖాస్తు తీసేయండి’, ‘అలాగే ఉంచండి’ అని రాసి ఉంటే రంగుతో పనే పడేది కాదు.

మరి ఇద్దరి మాటా కలవనప్పుడు ఎవరి మాట చెల్లాలి? నా అభిప్రాయం ఇది. పని ముందుకు సాగుతోందా లేదా అన్న ప్రశ్న అయితే వాడేవారిని కూర్చోబెట్టి చూసి తేల్చాలి, అక్కడ ఎవరి హోదాకూ విలువ ఉండకూడదు. పని సమానంగా సాగే రెండు మూడు మార్గాలున్నప్పుడు ఏది ఎంచుకోవాలన్నది పూర్తిగా విజువల్ డిజైనర్ హక్కు, అక్కడ నాలాంటివారు వేలు పెట్టకూడదు. మేనేజర్‌కు నచ్చిన రంగు అన్నది ఈ రెండింటిలోనూ లేదు. పరీక్షలకు సమయం, డబ్బు ఎక్కడివి అంటారు. యూజబిలిటీ పరిశోధకులు జేకబ్ నీల్సన్, థామస్ లాండవర్ 1993లో ప్రచురించిన లెక్క ప్రకారం ఒక్కో వినియోగదారు సగటున 31 శాతం సమస్యలను బయటపెడితే, ఐదుగురితోనే దాదాపు 85 శాతం బయటపడతాయి. ఈ ఐదు అన్న అంకెను మంత్రంలా జపించేవారితో నాకు పేచీ ఉంది. రకరకాల వినియోగదారులున్న చోట ఒక్కో రకానికి వేరుగా చూడాలి, పైగా ఆ 31 శాతం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. అయినా ఎవరినీ కూర్చోబెట్టకపోవడం కన్నా ఐదుగురిని కూర్చోబెట్టడం ఎంతో మేలు. సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంప్యూటర్ సంస్థ 2001లో, లినక్స్ వంటి వ్యవస్థల్లో వాడే గ్నోమ్ డెస్క్‌టాప్‌ను పరీక్షించినప్పుడు పిలిచింది 12 మందినే. స్వచ్ఛందంగా కోడ్ రాసేవారే ఎక్కువగా ఉన్న ఆ ప్రాజెక్టులో, మరుసటి ఏడాదే స్క్రీన్లు ఎలా ఉండాలో చెప్పే మార్గదర్శకాలు వెలువడ్డాయి. జీతాలిచ్చి నడిపే ప్రాజెక్టులకు అది భారమంటే నమ్మడం కష్టం.

చిన్న బృందాల్లో ఇద్దరిని పెట్టుకోలేరన్నది న్యాయమైన అభ్యంతరమే. ఒకే మనిషి రెండు పనులూ చేయవలసి వస్తే చేయవచ్చు, అలా చేస్తున్నవారు నాకు తెలుసు. కాకపోతే తాను గీసిన స్క్రీన్‌ను తానే పరీక్షించకూడదు. గీసినవారికి త్రికోణం ఉన్నా లేకపోయినా అక్కడ నొక్కవచ్చునని తెలుసు, ఆ తెలిసిన సంగతిని మరిచిపోవడం ఎవరి తరమూ కాదు. పరీక్ష రోజున బృందంలోని మరొకరు, డెవలపర్ అయినా సరే, ప్రశ్నలు అడగాలి. గీసినవారు వెనుక కుర్చీలో కూర్చుని చూడాలి.

పైన చెప్పిన క్యాలెండర్ వ్యవహారం కూడా ఒక విధంగా అలాగే తేలింది. సమావేశంలో ఎటూ తేలకపోయేసరికి, మర్నాడు విజువల్ డిజైనర్ నా బల్ల దగ్గరకు వచ్చి పెద్దాయన పరీక్ష వీడియో చూపించమన్నారు. ఇరవయ్యో నొక్కు దగ్గర ఆపేయమన్నారు. నేను అడిగింది ఆ త్రికోణం తిరిగి పెట్టమనే. రెండు రోజుల తరవాత ఆమె తెచ్చిన స్క్రీన్‌లో క్యాలెండరే లేదు. తేదీ, నెల, సంవత్సరం అని మూడు గడులు, సంవత్సరం గడి నాలుగు అంకెలు పట్టేంత వెడల్పుగా, కింద చిన్న అక్షరాల్లో ఒక నమూనా తేదీ. గుర్తున్న తేదీని ఎవరైనా టైపు చేస్తారు గానీ వెతుక్కోరు కదా అన్నారామె. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ల డిజైన్ నియమావళి కూడా పుట్టిన తేదీలకు ఇదే పద్ధతి సూచిస్తుందని నేను తరవాత చదివాను. నాకు ఆ ఆలోచన రాలేదు. ఆ వీడియో చూడకపోతే ఆమెకూ వచ్చేది కాదు. డెవలపర్ ఒక పూటలో మార్చేశారు, రిలీజ్ తేదీ మారలేదు.

మీ ఉద్యోగావకాశాల పేజీలో ఈ రంగం గురించి మళ్లీ రాసే సందర్భం వస్తే, ఈ రెండు ఉద్యోగాలకు కావలసిన చదువు, అలవాట్లు, చేయవలసిన పని వేరువేరుగా వివరించవలసిందిగా కోరుతున్నాను. బొమ్మలు గీయడం రాక, మనుషులను గమనించే అలవాటు మాత్రమే ఉన్నవారు ఆ పేజీ చదివి, ఇది మనకు కాదులే అని పక్కన పెట్టేసి ఉంటారు.

భవదీయురాలు,
యూజబిలిటీ పరీక్షలు నిర్వహించే ఒక పాఠకురాలు